అత్తమ్మ మాత్రల లెక్క

పోయిన వారం తైదల అంబలి గురించి రాస్తూ, మా అత్తమ్మకు రోజూ ఇస్తున్నానని ఒక్క మాట అన్నాను కదండీ. ఆమెకేమైందని అడగనివాళ్ళు లేరు. అందుకే ఈ వారం వంట పక్కన పెట్టి ఆ సంగతే రాస్తున్నాను.

అత్తమ్మకు 66 ఏళ్ళు. ఏడాదిన్నర కింద ఓ పొద్దున రెండు భుజాలు, తుంట్లు పట్టేసి మంచం మీద నుంచి లేవలేకపోయింది. జాకెట్ తొడుక్కోలేదు, కొప్పు ముడుచుకోలేదు. మధ్యాహ్నానికి కాస్త నయం, మళ్ళీ తెల్లారితే అదే వరస. చికున్‌గున్యా అన్నారు, మెడ ఎముకలు అరిగాయన్నారు. జనగామలో సూదులు వేయించాం, తగ్గలేదు. చివరికి హైదరాబాద్‌లో కీళ్ళవాతం డాక్టరు గారు రక్తంలో ఈఎస్ఆర్, సీఆర్పీ చూసి పాలీమయాల్జియా రుమాటికా అన్నారు. 50 దాటినవాళ్ళకే, అందులోనూ ఆడవాళ్ళకే ఎక్కువ వస్తుందట. ఉత్తర యూరప్ దేశాల్లో ఎక్కువ, మన దగ్గర తక్కువ.

ప్రెడ్నిసొలోన్ 15 మిల్లీగ్రాములు ఇచ్చారు. మూడో రోజుకల్లా అత్తమ్మ వాకిట్లో ముగ్గు వేసింది! స్టెరాయిడ్ అంటే అంతే. 1948లో అమెరికాలో హెంచ్ అనే డాక్టరు కీళ్ళవాతం ఉన్నామెకు మొదటిసారి కార్టిసోన్ ఇస్తే ఇలాగే లేచి తిరిగిందట. 1950లో ఆయనకు, మరిద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది. కానీ ఎక్కువ కాలం వాడితే షుగర్, బీపీ, ఎముకలు గుల్లబారడం, కంట్లో శుక్లాలు. కాబట్టి తగ్గించుకుంటూ రావాలి. మా అవస్థంతా ఆ తగ్గించడంలోనే.

15 నుంచి 12.5, ఆ తర్వాత 10. అక్కడి నుంచి నెలకు ఒక్క మిల్లీగ్రామే తగ్గించాలి. ఒక మిల్లీగ్రాము బిళ్ళ మా దగ్గర దొరకదు. డాక్టరు గారు ఉపాయం చెప్పారు. 5 బిళ్ళలు ఒకరోజు రెండు, మర్నాడు ఒకటిన్నర. సరి తేదీ, బేసి తేదీ అని గుర్తు పెట్టుకున్నాను. 31 తర్వాత 1 వస్తుందని, రెండూ బేసేనని తట్టలేదు చూడండి! అప్పటి నుంచి క్యాలెండర్ గడిలో ఏ రోజుకెన్నో రాస్తున్నాను.

7.5 దాకా బాగానే వచ్చాం. అప్పుడే అత్తమ్మ భూపాలపల్లిలో మా ఆడబిడ్డ ఇంటికి పోయింది. అక్కడెవరో "స్టెరాయిడా, వామ్మో, ఒళ్ళు పాడైతది" అంటే చెప్పకుండా మాత్రలు మొత్తం మానేసింది. నాలుగో రోజుకు చేతులు లేవలేదు, పైగా వాంతులు, కళ్ళు తిరగడం. పరకాల, హనుమకొండ మీదుగా కారులో తీసుకొచ్చాం. దారి పొడుగునా "నీకెందుకు చెప్పలేదో బిడ్డా" అని ఒకటే ఏడుపు.

మన మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు రోజూ ఇలాంటి పదార్థాన్నే తయారు చేస్తాయి. బయటి నుంచి మనమిస్తుంటే అవి పని మానేస్తాయి. కోడలొచ్చాక అత్త పొయ్యి ముట్టించడం మరిచిపోయినట్టు. కోడలు చెప్పకుండా పుట్టింటికి పోతే ఆ పూట ఇంటిల్లిపాదీ పస్తే కదా! మళ్ళీ 10కి పెంచారు, అక్కడి నుంచి ఇంకా నెమ్మదిగా దిగుతున్నాం.

డోసు తగ్గించిన కొత్తలో కొన్ని రోజులు ఒళ్ళు నొప్పులుంటే కంగారు పడొద్దన్నారు. కానీ పొద్దున బిగుతు రోజురోజుకీ పెరిగి, ముప్పావు గంట దాటి, రెండు భుజాలకూ వస్తే అది జబ్బు తిరగబడటమే. అప్పుడు సొంతంగా పెంచకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. మామూలుగా పోయినసారి బాగున్న డోసుకే తీసుకుపోతారు. నేను నోటుబుక్కులో రోజూ రాస్తాను: ఎన్నింటికి లేచింది, తల తానే దువ్వుకుందా, పీట మీద నుంచి చేయి ఆనకుండా లేచిందా. డాక్టరు గారు ముందు ఆ పుస్తకమే అడుగుతారు.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. కొత్తగా కణతల దగ్గర తలనొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసకబారడం, ఏది వచ్చినా రేపు చూద్దామనుకోవద్దు. తల రక్తనాళాలు వాచి చూపు శాశ్వతంగా పోవచ్చు. అదే రోజు ఆసుపత్రికి పోవాల్సిందే.

మా అమ్మ మానుకోట నుంచి కీళ్ళనొప్పుల పొడి ఒక పొట్లం తెచ్చింది, పేరూ ఊరూ లేదు. ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం మన దేశంలో పరీక్షల్లో బయటపడ్డది. అది తింటే మా లెక్కంతా తారుమారే. అమ్మ ముఖం చిన్నబుచ్చుకున్నా పారబోశాను.

మాత్ర పొద్దున తిన్నాకే. డాక్టరు రాసిన కాల్షియం, విటమిన్ డి, పూటకో చెంచా నువ్వుల పొడి, మునగాకు పప్పు. ఆవకాయ మాత్రం తగ్గించాను. దానికి అత్తమ్మ అలుగుతూనే ఉంది.

ఇప్పుడు ఒకరోజు 7.5, ఒకరోజు 5 నడుస్తోంది. మొన్న ఆదివారం తన కొప్పు తానే ముడుచుకుంది. ఈ బతుకమ్మకు బిడ్డ దగ్గరికి భూపాలపల్లి పోతానంటోంది. మాత్రల డబ్బా, నోటుబుక్కు సంచిలో పెడతాను, ఆడబిడ్డకు ముందే ఫోన్ చేసి చెప్పాను.