పిల్లిని విడనాడనేల?

“పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము” అను సామెత మనమెల్లరము ఎరిగినదే. నేడు మన పట్టణములలో ఆ సామెత తిరగబడినది. చెలగాటము మనది, ప్రాణసంకటము పిల్లిది. ముచ్చటపడి పిల్లికూనను తెచ్చి పెంచుదుము. అది పెరిగి, మేడమీది అద్దెయింటిలో మూలమూలల మలమూత్రములు విడువసాగినంతనే గోనెసంచిలో కట్టి, ఏ సంతవీధిలోనో, ఏటి ఆవలి గట్టుననో విడిచివత్తుము. మనలను నమ్మిన ప్రాణికి ఇది న్యాయమా? వేలూరులోను, గుడియాత్తములోను పిల్లులను పెంచు విద్యార్థులును, వారి తల్లిదండ్రులును ఒకమారు ఆలోచింపవలెను.

తప్పు పిల్లిది కాదు. మలమును మన్నుతో కప్పుట దాని పుట్టుగుణము. పెరడు గల ఇంట దానికి మన్ను దొరకును. మేడమీద ఎక్కడ దొరకును? కావున ఇంటిలోనే ఒక పెట్టె అమర్పవలెను. అందు పోయుటకు అంగళ్లలో సంచులతో అమ్మునది చాలవరకు బెంటొనైట్ అను బంకమన్ను. మన దేశమున ఇది కచ్ఛ్, బాడ్‌మేర్ ప్రాంతముల గనులలో లభించును. తడి తగిలినంతనే ఉండకట్టును. దాని గుణమును నేను కాదనను. కాని నెలనెలా ఆ సంచిని కొనుట మగ్గముపైనను, చిన్న జీతముపైనను బ్రతుకు కుటుంబమునకు భారము. ఆ భారమే పలుచోట్ల పిల్లిని వీధిపాలు చేయుచున్నది.

ఆ సంచి లేనిదే పిల్లిని పెంచజాలమనుట భ్రమ. 1947కు పూర్వము అమెరికాలో సైతము ఇసుక, బూడిద, రంపపుపొట్టు వంటివే వాడెడివారు. పిల్లి బూడిదకాళ్లతో ఇల్లంతయు మాపుచున్నదని ఆ యేట ఒక యిల్లాలు వాపోగా, మిషిగన్ రాష్ట్రమున ఎడ్వర్డ్ లో అను యువకుడు ఆమెకు తడిని పీల్చు మన్ను ఇచ్చెను. ఈ వ్యాపారము అట్లు పుట్టినదే.

మనకు చేరువనే పాలారు ప్రాంతమున వరిచేలును, కొబ్బరితోటలును గలవు. బియ్యపుమిల్లులో ఊక దొరకును. ఇంట ఊక యనుదుము, మిల్లువద్ద అరవమున ‘ఉమి’ యని అడుగుదుము, వస్తువు ఒకటే. అయితే ఊక గరుకైనది, తడిని అంతగా పీల్చదు. పీచు తీయగా మిగులు కొబ్బరిపొట్టు మెత్తనిది. తన బరువునకు పలురెట్లు నీటిని పీల్చును. కావున బాగుగా ఆరిన కొబ్బరిపొట్టు ఎక్కువగాను, ఊక కొద్దిగాను కలిపి రెండంగుళముల మందమున పోయుట మేలు. వడ్రంగి రంపపుపొట్టును పనికివచ్చును. జిగురుమందులు గల ప్లైవుడ్ పొట్టు మాత్రము తగదు.

ఒక్కనాడే అంతయు మార్చిన పిల్లి ఒప్పుకొనదు. అది వాసనకును, కాలికి తగులు స్పర్శకును అలవాటుపడిన జంతువు. మొదట పాతమన్నులో నాలుగవవంతు క్రొత్తపొట్టు కలిపి, నాలుగైదు దినములకొకమారు పాలు పెంచుచు, రెండు మూడు వారములలో మార్పు ముగింపవలెను. నడుమ పెట్టె వెలుపల విసర్జించిన కొట్టరాదు. వెనుకటి పాలునకు మరలవలెను. పదేపదే కూర్చుండియు మూత్రము రానిచో అది మొండితనము కాదు, వ్యాధి, మగపిల్లికి ప్రాణాపాయము. తడవు చేయక పశువైద్యుని చూపవలెను.

చౌక యనగా శ్రమ లేదని కాదు. ఈ పొట్టు బంకమన్నువలె ఉండకట్టదు. మలమును, తడిసిన భాగమును ప్రతిదినము తీసివేసి, వారమునకొకమారైనను అంతయు మార్చి, పెట్టెను సబ్బునీటితో కడుగవలెను. ఫినాయిల్ వాడరాదు, అది పిల్లులకు విషము. కొన్ని పిల్లుల మలమున టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి యుండును. వెలువడిన పిమ్మట ఒకటి మొదలు ఐదు దినములకు గాని అది అంటుకొను శక్తిని పొందదు. దినదినమును శుభ్రపరచుటలోని మేలు ఇదియే. గర్భిణీస్త్రీలు ఆ పెట్టెను తాకరాదు. ఆ చెత్తను ఆకుకూరల మడిలో వేయరాదు, కౌండిన్యనదిలో పారవేయరాదు. మూటగట్టి చెత్తబండికి ఈయవలెను.

ఈ పని ఎవరిది? పిల్లిని ముద్దాడునది బాలుడు, పెట్టెను కడుగునది తల్లి యగుట మన ఇండ్ల వాడుక. ఇది మారవలెను. బాలబాలికలారా! పొట్టుకు కావలసిన కొద్దిపాటి రూపాయలు మీ తండ్రిగారు ఇత్తురు. దినమున కొక పావుగంట మీరు ఈయవలెను. ఆ పావుగంట ఈయలేనివారు పిల్లికూనను ఇంటికి తేకుండుటయే దానియెడల దయ.