కొత్త కంప్యూటర్ భాష ఎప్పుడు నేర్వాలి?

డిగ్రీ చేతికందిన పిదప కంపెనీ కొలువు కోసం ఎదురుచూడక, సొంతంగా ప్రోగ్రాములు వ్రాసి జీవిద్దామనుకొనే విద్యార్థులు ఏటేటా మా వద్దకు సలహాకు వస్తున్నారు. ఆబిడ్స్ దుకాణానికి బిల్లుల లెక్క, నాంపల్లి వకీలుకు వాయిదాల పట్టిక, ఎక్కడో దూరదేశపు వర్తకునికి ఒక వెబ్‌సైటు: ఇట్టివి వారి పనులు. వారిని వేధించే ప్రశ్న ఒక్కటే. వచ్చిన భాషతోనే నెట్టుకురావాలా, కొత్తది నేర్వాలా? నేర్వవలసి వస్తే ఎప్పుడు? తెలుగు పాఠం చెప్పుకొనే మాకు ఇందులో జోక్యమేమిటని కొందరనవచ్చు. భాష మారినపుడు దానిని నమ్ముకొన్న మనుషులేమవుతారన్నది భాషాధ్యాపకులకు పరాయి విషయం కాదని మా మనవి.

ఈ విషయంలో మన నగరానికున్న అనుభవం చిన్నది కాదు. నిజాం రాజ్యంలో కచేరీల భాష 1880ల దశకంలో పారశీకం నుండి ఉర్దూకు మారింది. 1918లో ఉర్దూ మాధ్యమంతోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసింది. 1948 తరువాత అక్కడ ఇంగ్లీషు వచ్చింది. 1966లో తెలుగును అధికార భాషగా చేస్తూ శాసనం వచ్చింది. జీతగాడైన గుమాస్తాకు ఇట్టి మార్పులు వచ్చినపుడు నెల జీతమైనా ఆగదు. కచేరీ గుమ్మం ముందు అర్జీలు వ్రాసి పొట్ట పోసుకొనే మున్షీకి ఆ భాగ్యం లేదు. నేర్చినన్నాళ్ళూ అతని సంపాదనకు గండి, నేర్వకుంటే బ్రతుకుకే గండి. నేటి స్వతంత్ర ప్రోగ్రామరు ఆ మున్షీ వారసుడే గాని, గుమాస్తా వారసుడు కాదు.

కాతిబుల కథ దీనికంటె దగ్గరిది. ఉర్దూ పత్రికలను, పెండ్లి పత్రికలను కలంతో వ్రాసిన ఆ కళాకారులు మన ఇండ్లలోనే ఉండేవారు. మిర్జా అహ్మద్ జమీల్ వేలకొలది అక్షర సంయోగాలను స్వహస్తంతో వ్రాసి రూపొందించిన నూరీ నస్తాలీక్ 1981లో పాకిస్తాన్‌లోని ‘జంగ్’ పత్రికలో తొలిసారి అచ్చయింది. మామూలు కంప్యూటరు మీద నస్తాలీక్‌ను కూర్చగల ‘ఇన్‌పేజ్’ ఢిల్లీ నుండి వెలువడినది 1994లో. ఈ రెండు సంవత్సరాల నడుమ పదమూడేండ్లున్నవి. ఆ తేడాలోనే మన ప్రశ్నకు సగం జవాబున్నదని మా నమ్మకం. 1981లో లాహోరు వార్త విని మన కాతిబు కలం పారవేసి ఉంటే అతనికి మిగిలేది పస్తు. ఆ యంత్రం అతని అందుబాటులో లేదు, దానితో పని చేయించుకొనే గిరాకీ కూడా లేడు. 1994 తరువాత పదేండ్లు మొండికేసి కూర్చున్నవాడికీ పస్తే. నేర్వవలసిన కాలం ఏదంటే, పొరుగు ముద్రాపకుడు ఆ యంత్రం కొనగలిగిన కాలం, కలానికి ఇంకా పని దొరుకుతున్న కాలం. ఆ రెండూ కలిసిన కొద్ది ఏండ్లే అదను. ఇంకొక మాట. పంక్తి ఎక్కడ కుదుటపడునో, అక్షరాల నడుమ ఎంత ఎడముండాలో కాతిబు కంటికి తెలిసినట్లు కొత్తగా టైపు నేర్చిన కుర్రవానికి తెలియదు. పాత విద్యలో ఎంతోభాగం కొత్త పనిలోకి వెంట వస్తుంది.

కంప్యూటర్ భాషల సంగతీ ఇట్టిదే. కొన్ని భాషలకు మరణశాసనం ముందుగానే వెలువడుతుంది. ఫాక్స్‌ప్రోకు ఇకమీదట కొత్త రూపం ఉండబోదని మైక్రోసాఫ్ట్ 2007లో ప్రకటించింది. ఫ్లాష్ 2020 డిసెంబరు 31తో ముగియునని 2017లోనే అడోబీ తెలియజేసింది. అంటే మూడేండ్లకు మించిన గడువు. అట్టి ప్రకటన వచ్చిన నాడే కొత్త భాష మొదలుపెట్టడం వివేకం. కాని ప్రతి కొత్త ప్రకటనా పాతదానికి మరణవార్త కాదు. ఆండ్రాయిడ్ పనికి కోట్లిన్‌కే తొలి తాంబూలమని గూగుల్ 2019లో చెప్పింది, అయినా జావాలో వ్రాసిన ప్రోగ్రాములు ఆగిపోలేదు. ఇక కోబాల్ 1959లో రూపుదిద్దుకొన్న వృద్ధ భాష. 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు ముంచెత్తగా, ఆ భాష వచ్చినవారు ముందుకు రావలసిందని అమెరికాలోని న్యూజెర్సీ గవర్నరే బహిరంగంగా కోరవలసి వచ్చింది!

ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాల రాసులు చూచినవారికి మేము వేరే చెప్పనవసరం లేదు. ఒకనాడు ‘ఇది రానివాడు బ్రతకలేడు’ అనిపించుకొన్న భాషల లావుపాటి గ్రంథాలు అక్కడ దుమ్ము తింటూ ఉంటాయి. అమీర్‌పేట శిక్షణ కేంద్రాల గోడపత్రాలు చదివి పరుగెత్తే ముందు ఒకసారి నాంపల్లిలో బస్సు దిగి, ఆ రాసుల నడుమ నడవమని మా విద్యార్థులకు చెబుతుంటాము.

ఒక చిన్న లెక్క వేసి చూతము. కొత్త భాషకు రోజుకు రెండు గంటల చొప్పున మూడు నెలలు కేటాయిస్తే 180 గంటలు. గంటకు 300 రూపాయల పని చేయగలవాడనుకొంటే 54,000 రూపాయలు. ఫీజు దీనికి అదనం. ఈ పెట్టుబడి తిరిగి వచ్చే దారి కనబడాలి. తన గిరాకీలలో ఇద్దరు ముగ్గురు ఆ పని అడిగి, తనకు రాదని తెలిసి వెనుదిరిగితే దారి కనబడినట్లే. ఒక్కరూ అడగకుండా కేవలం మిత్రుడు నేర్చుకొంటున్నాడని నేర్వడం దండుగ. అట్లని చేతిలో పని పూర్తిగా ఆగిపోయేదాకా వేచియుండరాదు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలన్నారు. అప్పు పెరిగి, అద్దె నిలిచిపోయిన ఇంటిలో కొత్త వ్యాకరణం తలకెక్కదు.

2022 చివర చాట్‌జీపీటీ వచ్చినప్పటినుండి, యంత్రమే ప్రోగ్రాము వ్రాయుచుండగా భాషలు నేర్వడమెందుకనే వాదం బయలుదేరింది. యంత్రం పంక్తులు వ్రాసి ఇవ్వగలదు, కాదనజాలము. ఆ పంక్తులలో బిల్లు మొత్తం తప్పితే దుకాణదారుడు పట్టుకొనేది ప్రోగ్రామరు మెడనే కదా. తప్పు పట్టగలిగినంతైనా భాష రావాలి. కనుక ముందుగా ఒక్క భాషను లోతుగా నేర్చినవారికే ఈ యంత్రం మేలు చేయునని మా అభిప్రాయం.

కళాశాల కమిటీ పెద్దలకు రెండు విన్నపాలు. సంవత్సరానికొక భాష చొప్పున పాఠ్యక్రమం మార్చవద్దు. మూడేండ్లూ ఒకే భాషలో చదివి, ఆబిడ్స్‌లోనో నాంపల్లిలోనో ఒక నిజమైన దుకాణానికి ఒక నిజమైన పని చేసి పెట్టినవాడు రెండవ భాషను తానే పట్టుకోగలడు. రెండవది, సాయంకాలం తాళం పడే కంప్యూటరు గదిని రాత్రి 8 గంటల వరకు పూర్వ విద్యార్థులకు తెరచి ఉంచండి. పగలు గిరాకీల పని చేసుకొని సాయంత్రం నేర్వదలచినవారిలో ఇంట కుదురుగా కూర్చునేందుకు చోటు లేనివారెందరో ఉన్నారు. విద్యార్థినులకు ప్రత్యేకంగా వేళలు కేటాయిస్తే వారి తలిదండ్రులకూ అభ్యంతరముండదు. కాపలాకు ఒక మనిషి, కొంత కరెంటు ఖర్చు తప్ప దీనికి వేరే వ్యయం లేదు. పర్యవేక్షణకు అధ్యాపకులం వంతులవారీగా ఉండటానికి సిద్ధంగా ఉన్నాము.