జవాబు రాసిన వాళ్ల మాటేమిటి?

మొన్నీమధ్య పంజగుట్టలో జరిగిన ఒక సాహిత్య సభకి వెళ్లాను. అంశం 'ప్రవాసం – కవిత్వం'. వక్త బాగా చదువుకున్న మనిషి. రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ కవి ఓవిడ్‌తో మొదలుపెట్టి, రాజ్యం వెళ్లగొట్టిన కవుల గురించి గంటన్నర మాట్లాడారు. ఓవిడ్ నల్లసముద్రం ఒడ్డు నుంచి భార్యకి రాసిన పద్య లేఖల దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు జీరబోయింది కూడా. అంతలోనే నవ్వుతూ, "అయినా ఆవిడ ఆయన వెంట వెళ్లలేదు లెండి, రోమ్‌లో ఇల్లూ వాకిలీ చూసుకుంటూ హాయిగా ఉండిపోయింది" అన్నారు. సభ నవ్వింది. ముందు వరుసలో ఉన్న ఆడవాళ్లూ నవ్వారు. నేను లేచి మాట్లాడబోతే అధ్యక్షులవారు "టైమైపోయిందమ్మా, టీ తాగుతూ మాట్లాడుకుందాం" అన్నారు.

టీ తాగుతూ మాట్లాడుకునే విషయం కాదిది. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ 'హాయి' సంగతి చూద్దాం. క్రీ.శ. 8లో అగస్టస్ చక్రవర్తి ఓవిడ్‌ని టోమిస్‌కి పంపేశాడు. ఇప్పటి రుమేనియాలోని కాన్‌స్టాంట్సా అది. కారణాలు రెండని ఓవిడే చెప్పుకున్నాడు: ఒక కావ్యం, ఒక పొరపాటు. ఆ కావ్యం ప్రేమకళ మీద రాసింది. పొరపాటేమిటో మాత్రం ఆయన ఎక్కడా విప్పి చెప్పలేదు. పౌరసత్వం పోలేదు, ఆస్తి పోలేదు, తిరిగి రావడానికే వీల్లేదు. అక్కడ రాసినవే 'ట్రిస్టియా' ఐదు సంపుటాలు, 'పాంటస్ లేఖలు' నాలుగు సంపుటాలు.

రోమ్‌లో తన ఆఖరి రాత్రి గురించి రాసిన కవితలో, తనూ వస్తానని ఆమె ఏడ్చి పట్టుబట్టిందని ఓవిడే చెప్పాడు. మరెందుకు ఆగింది? ఆగితేనే ఉపయోగం గనక. ఇంకో కవితలో, తన ఆస్తి మీద కన్నేసిన వాణ్ణి ఆమే అడ్డుకుందని కూడా చెప్పాడు. అంటే ఆమెను రోమ్‌లో నిలిపింది సుఖం కాదు, పని. వక్తగారు ఈ కవితలు చదవలేదని నేననుకోను. చదివారు. ఆమె చేసిన పని ఆయనకి పనిలా కనిపించలేదు, అంతే.

ఆ పని ఎలాంటిదో తెలియాలంటే 'పాంటస్ లేఖల' మూడో సంపుటం మొదటి లేఖ చూడాలి. చక్రవర్తి భార్య లివియా దగ్గరికి వెళ్లమని ఓవిడ్ భార్యకి చెప్తాడు. ఎప్పుడు వెళ్లాలి, ఎలా మోకరిల్లాలి, ఎక్కడ కన్నీళ్లు పెట్టాలి, ఏం అడగాలి, ఏం అడగకూడదు, అన్నీ చెప్తాడు. నేను చేసింది సరైనదేనని వాదించకు, ఇంతకన్నా దగ్గరి చోటు మాత్రం అడుగు అంటాడు. అంతటితో ఊరుకోడు. నా పుస్తకాలు నిన్ను ఆదర్శ భార్యగా లోకానికి చూపించాయి, ఆ పేరుకి తగ్గట్టు నడుచుకో, అందరూ నిన్నే చూస్తున్నారు అని గుర్తు చేస్తాడు. ప్రేమలేఖ ఇలా ఉంటుందా? నాకైతే ఇది జీతం లేని వకీలుకి ఇచ్చిన ఆదేశాల్లా ఉంది.

మరి ఆ 'ఆదర్శ భార్య' పేరేమిటి? తెలీదు. 'ట్రిస్టియా'లో స్నేహితుల పేర్లు కూడా ఉండవు. వాళ్లకి ఆపద వస్తుందని దాచాడు. 'పాంటస్ లేఖల'కి వచ్చేసరికి ఆ భయం పోయింది, మిత్రుల పేర్లు పెట్టి రాశాడు. భార్య పేరు అప్పుడూ రాయలేదు. ఎవడో ఆమెను 'బహిష్కృతుడి పెళ్లాం' అని తిడితే, ఓర్చుకో అని రాసి, చట్టం ప్రకారం తనది బహిష్కారం కాదు, స్థల నిర్బంధం మాత్రమేనని వాదించాడు. తిట్టు పడింది ఆమె, సంజాయిషీ ఆయన పరువుకి.

విచిత్రమేమిటంటే, ఇదే కవి అంతకుముందు పురాణ స్త్రీలు దూరమైన మగవాళ్లకి రాసినట్టుగా లేఖలు రాశాడు. పెనెలోపీ గొంతు, మెడియా గొంతు ఆయనకి బాగా పలికాయి. పెరిల్లా అనే యువ కవయిత్రిని రాస్తూనే ఉండమని టోమిస్ నుంచి ప్రోత్సహించాడు కూడా. ఆ మంచితనాన్ని నేను కాదనను. కానీ పెరిల్లా కవితలు ఒక్కటీ మిగల్లేదు. భార్య రాసిన జవాబుల్లో ఒక్క వాక్యమూ మిగల్లేదు. ఊహలోని స్త్రీకి గొంతు దొరికింది, ఇంట్లోని స్త్రీకి పని దొరికింది.

ఇది నాకు పుస్తకాల్లోంచి వచ్చిన కోపం మాత్రమే కాదు. మాది జగిత్యాల దగ్గరి పల్లె. మా బాపు 1983లో దుబాయ్ వెళ్లాడు. ఎనిమిదేళ్లలో ఆయన రాసిన ఉత్తరాలన్నీ మా ఇంట్లో రేకు పెట్టెలో భద్రంగా ఉన్నాయి. ఎండ, ఇసుక, ఒక్క గదిలో పన్నెండు మంది. ఆ బాధ అబద్ధం కాదు, ఇప్పుడు చదివినా కన్నీళ్లొస్తాయి. దాని కిందే పనుల పట్టీ ఉంటుంది. షావుకారికి మిత్తి కట్టు. డీడీ వచ్చిందేమో బ్యాంకుకి పోయి అడుగు. ఎవరింటికీ ఊకె పోకు, నలుగురు నాలుగు మాటలంటరు. రోమన్ కవి మా బాపు కన్నా కొత్తగా ఏం రాశాడని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మా అవ్వకి చదువు రాదు. జవాబులు రాసింది నేను. ఐదో తరగతి నుంచి నేనే. అవ్వ పొయ్యి ముందు కూచుని చెప్పేది, నేను పీట మీద కాగితం పెట్టుకుని రాసేదాన్ని. బర్రె ఈనిన సంగతి, బాయిల నీళ్లు అడుగంటిన సంగతి, తమ్ముడి జ్వరం సంగతి. ఒకసారి, రాత్రిపూట ఎవడో వచ్చి తలుపు కొట్టిన సంగతి మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. "అది రాయకు బిడ్డా, ఒక్కడే ఉన్నడు అక్కడ, పరేషానైతడు" అన్నది. నేను రాయలేదు. ఆ జవాబుల్లో ఇప్పుడు ఒక్కటీ లేదు. గదులు మారినప్పుడల్లా ఎక్కడో పోయాయట.

స్త్రీలు రాయలేదనేది అందుకే తప్పు మాట. రాశారు, రాయించారు, రాయవద్దని కూడా అనుకున్నారు. ఎవరి ఉత్తరాన్ని దాచారు, ఎవరి ఉత్తరాన్ని పారేశారు అన్న దాని మీదే మనం సాహిత్య చరిత్ర అని పిలిచేది నిలబడి ఉంది.

మన ముసలమ్మలు దీన్ని ఎప్పుడో పసిగట్టారు. వాల్మీకి పట్టించుకోని ఊర్మిళని వాళ్లు పాటలో నిద్రపుచ్చారు. పద్నాలుగేళ్ల తర్వాత లక్ష్మణుడు వచ్చి పక్కన కూచుంటే ఆమె గుర్తుపట్టదు. ఎవడో పరాయివాడనుకుని, మావాళ్లకి తెలిస్తే నీ ప్రాణం దక్కదని బెదిరిస్తుంది. వనవాసం చేసొచ్చిన వీరుడు తానెవరో చెప్పుకోవాల్సి వస్తుంది. ఓవిడ్ ఊహించలేని సన్నివేశం ఇది. ఓల్గా 'విముక్త'లో ఊర్మిళ మాట్లాడిందంటే, ఆ పాట పాడిన ఆడవాళ్లు దారి వేసి ఉంచారు గనకే.

"రాజ్యం కవిని శిక్షిస్తుంటే మీరు భార్యల లెక్క తీస్తారేం?" అని అడిగేవాళ్లున్నారు. రాజ్యం చేసింది అన్యాయమే. మన కళ్ల ముందే చూశాం. వరవరరావు 1980ల్లో జైలు నుంచి రాసిన లేఖలు 'సహచరులు' పుస్తకమయ్యాయి, 2010లో ఇంగ్లీషులోకి కూడా వెళ్లాయి. 2018లో భీమా కోరేగావ్ కేసులో అరెస్టైన ఆయనకి సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో బెయిలిచ్చింది, కోర్టు అనుమతి లేకుండా ముంబై దాటకూడదన్న షరతుతో. తెలుగు కవి తెలుగు నేల మీద అడుగుపెట్టడానికి అనుమతి అడగాలి! ఓవిడ్ స్థల నిర్బంధానికి ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు తెలీదు. అయితే జైల్లో ఆయన ఆరోగ్యం క్షీణించినప్పుడు కోర్టుల తలుపు తట్టిన పిటిషన్ల మీద ఆయన సహచరి హేమలత పేరుంది. రోమ్‌లో లేని పేరు ఇక్కడ కోర్టు కాగితం మీదైనా ఉంది. జైలు లేఖలకి సాహిత్యంలో చోటిచ్చిన మనం ఈ కాగితాన్ని ఎక్కడ పెడదాం?

ఆ సభ జరిగిన హాలుకి కాస్త దూరంలోనే, బేగంపేట దారిలో, ప్రజాభవన్ ఉంది. 2023 డిసెంబర్‌లో కంచెలు తీసి అక్కడ ప్రజావాణి మొదలుపెట్టారు. 2024 సెప్టెంబర్‌లో గల్ఫ్ కార్మికుల కుటుంబాల కోసం ప్రవాసీ ప్రజావాణి అని విడిగా కౌంటర్ తెరిచారు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి రాత్రి బస్సెక్కి, పాస్‌పోర్టు జిరాక్సులు కొంగులో కట్టుకుని, జైల్లో ఉన్న మొగుడి కోసమో రాని శవం కోసమో అర్జీ పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు ఏం చేస్తున్నట్టు? లివియా ముందు మోకరిల్లమన్న ఆ పేరులేని స్త్రీ పనే చేస్తున్నారు. 'ప్రవాస సాహిత్యం' మీద గంటన్నర మాట్లాడిన వక్తకి వీళ్లు గుర్తుకు రాలేదు.

సభ నుంచి అమీర్‌పేటలో మా ఇంటికి నడిచొస్తుంటే దారి పొడవునా లేడీస్ హాస్టళ్ల బోర్డులు. పుట్టిన ఊరు విడిచొచ్చిన వేల మంది అమ్మాయిలు. వీళ్లనెవరూ ప్రవాసులనరు. మనది ఆడపిల్ల అంటే 'ఆడి' పిల్ల, ఈడి పిల్ల కాదని చెప్పే భాష కదా. మగవాడు ఊరు విడిస్తే ప్రవాసం, ఆడది విడిస్తే కాపురం.

2017లో రోమ్ నగర పాలక మండలి ఓవిడ్ శిక్షని రద్దు చేసింది. మంచిదే. ఆయన భార్య విషయంలో రద్దు చేయడానికి శిక్ష కూడా లేదు, ఎందుకంటే ఆమెకి పడింది ఎక్కడా రాసిలేదు. కవుల ఉత్తరాలు చదవొద్దని నేననడం లేదు. చదివిన ప్రతిసారీ జవాబెవరు రాశారు, ఏమైంది అని అడగమంటున్నాను. అర్జీని, వకాల్తాని, చదువురాని మనిషి చెప్పి రాయించిన ఉత్తరాన్ని కూడా రచన అనమంటున్నాను. మీ ఇళ్లలో రేకు పెట్టెలుంటే తెరవండి. జవాబులు దొరక్కపోతే, చెప్పేవాళ్లు బతికుండగానే అడగండి.

మా అవ్వ ఇప్పుడు అమీర్‌పేటలో నా దగ్గరే ఉంటోంది. సభ నుంచి వచ్చిన రాత్రి ఒక నోటుబుక్కు తెచ్చి ఆమె ముందు కూచున్నాను. గుర్తున్నంత వరకు చెప్తోంది, నేను మళ్లీ రాస్తున్నాను. ఈసారి 'అది రాయకు' అన్నవి కూడా, ఆమెను అడిగి, ఆమె సరేనన్నాకే రాస్తున్నాను.