చేయి పట్టి నడిపించే మనిషి కావాలి

ప్రపంచంలో హెచ్‌ఐవీకి వాడే మందుల్లో పెద్ద వాటా హైదరాబాద్ కంపెనీల నుంచే వెళ్తోంది. ఆరు నెలలకోసారి వేయించుకుంటే వైరస్ సోకకుండా కాపాడే లెనకాపవిర్ ఇంజెక్షన్‌ను 2027 నుంచి మనిషికి ఏడాదికి సుమారు 40 డాలర్లకే పేద, మధ్యాదాయ దేశాలకు అందించే ఒప్పందాలు 2025 సెప్టెంబరులో కుదిరాయి. వాటిలో ఉన్నవి డాక్టర్ రెడ్డీస్, హెటెరో. రెండూ మన నగరం కంపెనీలే. ఆఫ్రికాలో జరిగి 2024లో ఫలితాలు వెలువడిన ప్రయోగ పరీక్షల్లో ఈ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికి కూడా వైరస్ సోకలేదు. మందు విషయంలో మనకు లోటు లేదు. పాజిటివ్ అని తెలిసిన మనిషిని పరీక్ష గది నుంచి మందు దాకా, మందు మొదలుపెట్టాక మానకుండా ఏళ్ల తరబడి వెంట ఉండి నడిపించే మనుషులే కరవవుతున్నారు. ఉన్న కొద్దిమందినీ కాంట్రాక్టు కొలువుల్లో, అరకొర గౌరవ వేతనంతో నెట్టుకొస్తున్నాం. ఇది మారాలి. మార్చాల్సింది రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలే.

దేశంలో సుమారు 25 లక్షల మంది హెచ్‌ఐవీతో జీవిస్తున్నారని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ న్యాకో 2023 అంచనాలు చెబుతున్నాయి. సంఖ్యలో మహారాష్ట్ర తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఇక్కడ మూడు లక్షలకు పైగా ఉన్నారు. వయోజనుల్లో దేశ సగటు 0.20 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 0.62 శాతం. తెలంగాణలోనూ ఆ సగటుకు రెట్టింపు పైనే. దేశం మొత్తం మీద హెచ్‌ఐవీ ఉన్న ప్రతి ఐదుగురిలో ఒకరికి ఇంకా ఆ సంగతే తెలియదు. తెలిసి మందు అందుకుంటూ క్రమంగా వాడుతున్నవారిలో మాత్రం నూటికి తొంభై మందికి పైగా రక్తంలో వైరస్ అణగిపోయింది. పరీక్షలో కనిపించనంతగా వైరస్ అణగిన మనిషి నుంచి లైంగికంగా మరొకరికి అది సోకదు. శాస్త్రం తేల్చి చెప్పిన సంగతి ఇది. కాబట్టి మందు మానకుండా చూడటం రోగికి చేసే సాయం మాత్రమే కాదు, కొత్తగా ఇంకొకరికి సోకకుండా ఆపే పని కూడా.

ఆ మందు దాకా వెళ్లే దారి ఎలా ఉంటుందో చూడాలి. జిల్లా ఆసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ జరిగే ఐసీటీసీ గది సాధారణంగా ఓపీ వరండా చివర ఉంటుంది. నెత్తురు తీసి మొదటి పరీక్ష. అది పాజిటివ్ వస్తే మరో రెండు రకాల కిట్లతో నిర్ధారణ. తర్వాత తలుపు వేసి కౌన్సెలర్ విషయం చెబుతారు. ఆ నిమిషం తర్వాత చెప్పిన మాట చాలామందికి చెవికెక్కదు. చేతికిచ్చిన చీటీ పట్టుకుని అక్కడి నుంచి హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్‌కు వెళ్లాలి. అది వేరే భవనంలో ఉండొచ్చు, వేరే ఊళ్లో ఉండొచ్చు. అక్కడ పేరు నమోదు, సీడీ4, హిమోగ్లోబిన్, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు, క్షయ ఉందేమోనని వాకబు, మళ్లీ కౌన్సెలింగ్, అప్పుడు మందు. కూలికి వెళ్లే మనిషికి ఇవన్నీ ఒక్క రోజులో కావు. తెలంగాణలో మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి వచ్చాక ఆడవాళ్లకు బస్సు ఛార్జీ బాధ తగ్గింది గానీ పోయిన రోజు కూలి తిరిగి రాదు. రెండోసారి రమ్మన్నప్పుడే ఎందరో ఆగిపోతారు.

మందు చేతికొచ్చాకా కష్టం తీరదు. రోజుకు ఒక్క మాత్ర. టీఎల్‌డీ అనే ఆ మాత్రతో చికిత్స మునుపటికన్నా ఎంతో తేలికైంది. అయినా సీసా మీది లేబుల్ చింపేసేవారు, మాత్రలు కదిలి చప్పుడు కాకుండా లోపల దూది కుక్కేవారు, ఊళ్లో పెళ్లికో అత్తింటికో వెళ్లినప్పుడు సీసా ఇంట్లోనే వదిలేసి నాలుగు రోజులు మానేసేవారు ఉన్నారు. సొంత జిల్లా సెంటర్లో తెలిసినవాళ్లు కనబడతారని రెండు జిల్లాలు దాటి వెళ్లి మందు తెచ్చుకునేవారూ ఉన్నారు. ఇవన్నీ డాక్టర్ రాసే కేసు షీటులోకి రావు. రెండు వారాలు కనబడకపోతే ఫోన్ చేసి 'ఏమ్మా, మందు అయిపోయుంటుందే, ఒంట్లో బాగుందా?' అని అడిగే మనిషికే తెలుస్తాయి.

గర్భిణుల విషయంలో ఈ వెంట నడిచే పని మరీ అవసరం. ఏ చికిత్సా లేకపోతే తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. సరైన చికిత్సతో దాన్ని 5 శాతం కన్నా కిందికి దించొచ్చు. అందుకు తల్లి మందు మానకూడదు. బిడ్డకు పుట్టగానే చుక్కల మందు మొదలుపెట్టాలి. ఆరో వారంలో రక్తపరీక్ష చేయించాలి. పద్దెనిమిది నెలలు నిండాక ఆఖరి నిర్ధారణ జరగాలి. ఇప్పుడు మన ఇళ్లలో జరిగేది గుర్తు తెచ్చుకోవాలి. తొలి కాన్పు పుట్టింట్లో. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని తీసుకెళ్తారు. నమోదు అత్తగారి మండలంలో, కాన్పు అమ్మగారి జిల్లాలో, మూడో నెలో ఐదో నెలో నిండాక బిడ్డతో మళ్లీ అత్తగారింటికి. ఆరో వారం పరీక్ష సరిగ్గా ఈ రెండు ఊళ్ల మధ్యే జారిపోతుంది. రెండు కుటుంబాల్లో ఎవరికి విషయం తెలుసో, ఎవరికి తెలియదో కౌన్సెలర్‌కు తెలిసుండాలి. అవతలి జిల్లా కౌన్సెలర్‌తో ముందే మాట్లాడి ఉంచాలి. బాలింతను ఏ సాకుతో ఆసుపత్రికి రప్పించాలో కూడా ఆలోచించి పెట్టాలి. పోర్టల్‌లో పేరు ఎక్కించినంత మాత్రాన ఈ పని జరగదు.

వలసది ఇంకో దారి. గల్ఫ్ వీసా కోసం కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ కుర్రాళ్లు తప్పనిసరి మెడికల్‌కు వెళ్తారు. అందులో హెచ్‌ఐవీ పరీక్ష ఉంటుంది. పాజిటివ్ అయితే వీసా రాదు. చాలాసార్లు ఆ కుర్రాడి చెవిన పడేది 'అన్‌ఫిట్' అన్న ఒక్క మాటే. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టినవాడు ఆ మాటతో ఇంటికి వెళ్లి ఎవరితో ఏం చెప్పుకుంటాడు? ఆ ల్యాబ్ నుంచి దగ్గరి ఐసీటీసీకి దారి చూపే ఏర్పాటు ఉండి తీరాలి. పాలమూరు నుంచి ముంబయికి, పుణెకు పనికి వెళ్లేవాళ్లకు అక్కడి ఏఆర్టీ సెంటర్‌కు బదిలీ చేయించుకునే వీలుంది. ఆ సంగతి చెప్పి, కాగితం రాయించి, అక్కడ ఎవరిని కలవాలో ఫోన్ నంబరు ఇచ్చి పంపేవారు లేకే మందు మధ్యలో ఆగిపోతోంది.

ఈ పని చేయగలవారు మనకు కొత్త కాదు. 2003 ప్రాంతంలో ఎయిడ్స్ ప్రచార ప్రకటనల్లోని పులిరాజా ఎవరని రాష్ట్రమంతా గోడల మీద చదివి చర్చించుకున్న రోజుల్లోనే ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద ప్రయోగం మొదలైంది. గేట్స్ ఫౌండేషన్ 'అవాహన్' కార్యక్రమం కోస్తా, తెలంగాణ జిల్లాల్లో సెక్స్ వర్కర్లనే తోటివారికి తెలియజెప్పే పీర్ ఎడ్యుకేటర్లుగా నిలబెట్టింది. తర్వాత ప్రభుత్వ కార్యక్రమమూ దాన్నే నియమంగా పెట్టుకుని సుమారు అరవై మందికి ఒక పీర్ ఎడ్యుకేటర్ ఉండాలంది. విజయవాడలో వాసవ్య మహిళా మండలి లాంటి సంస్థలు ఇళ్లకు వెళ్లి రోగులను చూసుకున్నాయి. 2004 ఏప్రిల్ 1న దేశంలో ఉచిత ఏఆర్టీ మొదలైనప్పుడు తొలి విడత రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. ఇక్కడ కొత్త ఇన్ఫెక్షన్లు తగ్గాయంటే అది పోస్టర్ల ఘనత ఒక్కటే కాదు. రాత్రిపూట లారీ హాల్ట్‌లకు, లాడ్జీలకు వెళ్లి కండోములిచ్చి, మర్నాడు తానే వెంటబెట్టుకుని లైంగిక వ్యాధులకు చికిత్స చేసే సురక్ష క్లినిక్‌కు తీసుకెళ్లినవారి కష్టం అది. వారిలో చాలామంది తామూ హెచ్‌ఐవీతో బతుకుతున్నవారే.

ఇరవై ఏళ్లకు పైగా సాగుతున్న ఈ పనిని ప్రభుత్వాలు ఇప్పటికీ 'ప్రాజెక్టు'గానే చూస్తున్నాయి. కౌన్సెలర్లు కాంట్రాక్టు మీదే ఉన్నారు. ఔట్‌రీచ్ వర్కర్ల జీతం ఏ సంస్థకు ఏ ఏడాది ప్రాజెక్టు వస్తుందన్న దాని మీద ఆధారపడి ఉంది. ఇది ఎంత ప్రమాదమో హైదరాబాద్ కళ్లారా చూసింది. 2021లో నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల కోసం దేశంలోనే తొలిసారిగా మిత్ర్ క్లినిక్ వచ్చింది. ట్రాన్స్‌జెండర్లే ముందుండి నడిపిన ఆ క్లినిక్‌లో హెచ్‌ఐవీ పరీక్ష, హార్మోన్ సలహా, మానసిక సాయం ఒకే చోట దొరికేవి. మామూలు ఆసుపత్రి వరుసలో నిలబడితే ఎదురయ్యే చూపులకు జడిసి ఏళ్ల తరబడి వైద్యానికి దూరంగా ఉన్నవారు అక్కడికి వచ్చారు. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం విదేశీ సాయాన్ని నిలిపేయగానే ఆ క్లినిక్, దాంతోపాటు పుణె, కల్యాణ్‌లలో ఉన్నవీ మూతపడ్డాయి. హైదరాబాద్‌ది నెలల తర్వాత టాటా ట్రస్టుల సాయంతో 'సబ్‌రంగ్' పేరుతో తిరిగి తెరుచుకుంది. ఆదుకున్న దాతకు కృతజ్ఞతలు చెప్పాల్సిందే. కానీ తెలంగాణ పౌరుల ఆరోగ్యం వాషింగ్టన్‌లో పెట్టిన ఒక సంతకంతో ఆగిపోవడం, మరో దాత దయతో మళ్లీ మొదలవడం రాష్ట్ర ప్రభుత్వానికి గౌరవం కాదు.

ఆశా కార్యకర్తలున్నారుగా, ఈ పనీ వాళ్లకే అప్పగిస్తే సరిపోతుందన్న వాదన ఉంది. సరిపోదు. ఆశా అదే ఊరి మనిషి. ఆమె ఎవరింటికి ఎందుకు వెళ్తోందో వీధి వీధంతా గమనిస్తుంది. చుట్టరికాలూ కులాలూ కలిసిన ఊళ్లో రహస్యం కాపాడటం ఆమె మంచితనం మీద వదిలేయాల్సిన విషయం కాదు. పైగా ఆమె నెత్తిన ఇప్పటికే మోయలేనంత పని ఉంది. యాప్ చాలన్న వాదనా నిలవదు. మందు వేళకు గుర్తుచేయడానికి ఫోన్ పనికొస్తుంది. భర్తకు ఎలా చెప్పాలో తెలియక వణికిపోతున్న మనిషికి ఫోన్‌లో వచ్చిన సందేశం తోడు కాదు. ఆ సందేశం వేరెవరి కంట పడితే అసలుకే మోసం.

రహస్యం కాపాడటం చట్టం కూడా. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ చట్టం ప్రకారం మనిషి సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. ఉద్యోగంలో, బడిలో, ఆసుపత్రిలో, అద్దె ఇంటి విషయంలో వివక్ష చూపకూడదు. ఫిర్యాదులు వినడానికి రాష్ట్రాలు అంబుడ్స్‌మన్‌ను నియమించాలి. ఆయన ముప్పై రోజుల్లో తేల్చాలి. వైద్యపరంగా అత్యవసరమైతే వీలైనంతవరకు ఇరవై నాలుగు గంటల్లోనే ఆదేశమివ్వాలి. సిజేరియన్ చేయనంటూ ఒక నర్సింగ్ హోమ్ గర్భిణిని మరో ఊరికి పంపేస్తుంటే ఆ గంటలో ఎవరికి ఫోన్ చేయాలో ఆమె తల్లికి తెలుస్తుందా? వెంట ఒక కౌన్సెలర్ ఉంటే తెలుస్తుంది. పింఛన్లదీ అదే సంగతి. ఏఆర్టీ వాడేవారికి ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు, తెలంగాణలో ఆసరా కింద 2,016 రూపాయలు ఉన్నాయి. దరఖాస్తు చేస్తే ఊళ్లో తెలిసిపోతుందేమోనన్న భయంతో అడగనివారున్నారు. గుట్టు బయటపడకుండా పని చేయించిపెట్టే మనిషి ఉంటే ఆ సొమ్ము ఇల్లు చేరుతుంది.

అందుకే రెండు ప్రభుత్వాలూ ఐసీటీసీ, ఏఆర్టీ కౌన్సెలర్ పోస్టులను వైద్య ఆరోగ్య శాఖలో మంజూరైన పోస్టులుగా చేయాలి. ఏళ్లుగా పనిచేస్తున్నవారితోనే వాటిని నింపాలి. ప్రతి ఏఆర్టీ సెంటర్లో రోగుల వెంట నడిచే పని తప్ప మరో పని అప్పగించని మనుషులు ఉండాలి. ఆ ఉద్యోగాల్లో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారికి, ట్రాన్స్‌జెండర్లకు, సెక్స్ వర్కర్ల సంఘాల నుంచి వచ్చినవారికి మొదటి అవకాశం ఇవ్వాలి. పీర్ ఎడ్యుకేటర్లకు ఇచ్చేది కనీస వేతనానికి తగ్గకూడదు, నెల తప్పకూడదు. కేంద్రం నుంచి నిధులు ఆలస్యమైన నెలల్లో చెల్లించేందుకు రాష్ట్ర బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు పెట్టాలి. ఇది భరించలేనంత ఖర్చు కాదు. మందు మానేసి క్షయతో ఐసీయూకు చేరే ఒక్కో రోగికయ్యే ఖర్చు, ఆ ఇంటి పిల్లలు చదువు మానడం వల్ల జరిగే నష్టం లెక్కేసుకుంటే ఆ సంగతి తెలుస్తుంది.

న్యాకో కార్యక్రమం ఐదో దశకు 2021 నుంచి 2026 మార్చి దాకా 15,471 కోట్ల రూపాయలకు పైగా కేటాయించారు. తర్వాతి దశ ప్రణాళికలో మన రాష్ట్రాలు అడగాల్సిన మొదటి మార్పు కొలమానంలో. ఎన్ని పరీక్షలు చేశారన్నది కాకుండా పాజిటివ్ తేలినవారిలో ఎందరు నెలలోపు మందు మొదలుపెట్టారు, ఏడాది తర్వాత ఎందరు వాడుతున్నారు, ఆరో వారం పరీక్ష ఎందరు బిడ్డలకు జరిగింది అన్న లెక్కలను జిల్లాలవారీగా మూడు నెలలకోసారి ప్రజల ముందుంచాలి. గల్ఫ్ మెడికల్ సెంటర్లకు ఐసీటీసీలతో రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి చేయాలి. ప్రతి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రి కాన్పుల వార్డు గోడ మీద అంబుడ్స్‌మన్ పేరు, ఫోన్ నంబరు, పక్కనే ఎయిడ్స్ ఉచిత హెల్ప్‌లైన్ 1097 తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. ఈ గోడ రాతకు కొత్త చట్టమూ అక్కర్లేదు, ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు. ఆరోగ్య మంత్రులు ఆదేశిస్తే ఈ వారమే మొదలుపెట్టొచ్చు.