తాళపుచెవి యెవరిచేత నున్నది?

2025 జులై మాసమున గుజరాతులోని వాడినారు చమురుశుద్ధి సంస్థకు గలిగిన యిక్కట్టును దేశీయులు త్వరలో మఱచుట క్షేమకరము గాదు. ఏటికి 2 కోట్ల టన్నుల ముడిచమురును శుద్ధిచేయు శక్తిగల నయారా ఎనర్జీ యుద్యోగులకు ఈ-మెయిలును, టీమ్సు అను సంభాషణ సాధనమును ఒక్కమారుగ నందకుండ బోయినవి. యంత్రము చెడలేదు, తంతి తెగలేదు. రుసుము పూర్తిగ జెల్లించియే యుంటిమని సంస్థ చెప్పెను. రష్యాదేశపు రాస్‌నెఫ్టునకు అందు 49.13 శాతము వాటా కలదు. జులై 18న ఐరోపా సమాఖ్య దానిపై ఆంక్షలు విధింపగా, అమెరికా సంస్థయగు మైక్రోసాఫ్టు సేవల నాపివేసెను. నయారా ఢిల్లీ హైకోర్టు నాశ్రయించెను. జులై 30న సేవలు మరల లభించినవి.

రష్యావాటా గల సంస్థకై మనకేల చింతయని కొందఱనవచ్చును. కర్మాగారము భారతభూమిపై నున్నది; ఇట్టి యేకపక్షపు ఆంక్షలను భారత ప్రభుత్వ మంగీకరింపదు. నేడు దానికి వచ్చినది రేపు మఱియొకదానికి రాగూడదా?

పూర్వ మొక వర్తకశాలలోని కంప్యూటర్లన్నియు తంతులచే గలుపబడి, ఆ భవనముననే యుండు సర్వరు నాశ్రయించియుండెడివి. లేఖలు, ఖాతాలు, సరుకుపట్టీలు అందే నిలువయుండెడివి. గుమాస్తా అడిగినదానిని, వాని యధికారమును పరీక్షించి, సర్వరు అందిచ్చెడిది. నేడును పద్ధతి యదియే. కాని పెక్కు సంస్థల సర్వర్లు పరుల డేటా సెంటర్లకు దరలినవి. అవి మనదేశమున నుండినంతమాత్రమున చాలదు. పుణె, చెన్నై, ముంబైలలో 2015 నుండియు మైక్రోసాఫ్టు డేటా సెంటర్లున్నవి. ఐనను లోనికి రానిచ్చు నధికారము యజమానిది గాదు. ధాన్యము మనది, గాదె, తాళపుచెవి పరునివి.

చిన్న వర్తకుడు స్వంత సర్వరును నిలిపి దొంగలనుండి కాపాడుకొనుట కష్టమే. కావున పరసేవలను విడనాడుడని మేము చెప్పము. కేంద్రోద్యోగులు సుమారు 12 లక్షలమంది ఈ-మెయిలు జోహోయను స్వదేశసంస్థ వేదికకు మాఱినదని 2025లో వార్తలు వెలువడినవి. ఇది ముదావహమే; కాని దొరను మార్చినంతనే దాస్యము తీఱదు. ఈ-మెయిలు నొక సర్వరునుండి వేఱొకదానికి జేర్చు నియమములు 1982లోనే ప్రకటింపబడి సర్వజనుల సొత్తైనవి. కావుననే ఏ సంస్థవారి సర్వరునుండియైన నే సంస్థవారి సర్వరునకైనను లేఖ పోవుచున్నది. సంభాషణ సాధనములు పెక్కు ఇట్లుగాక, ఒక్కొక సంస్థ ప్రాకారమునందే బంధింపబడియున్నవి.

ప్రతి సంస్థయు తన లేఖల, లెక్కల ప్రతిని తన యధీనమున నుంచుకొనవలెను. ఒకదారి మూసిన రెండవదారిని ముందే సిద్ధము చేసికొనవలెను. ముందస్తు సూచనలేక, భారత న్యాయస్థానముల యుత్తరువులేక, ఇట్టి సేవల నాపరాదని ప్రభుత్వము శాసింపవలెను. వ్యాజ్యము వేసిన పిదప తెఱచిన తలుపును జూచి తృప్తిపడుట దేశమునకు దగదని మా యభిప్రాయము.