మారతహళ్ళి సంపుల్లో వాతావరణం

వాంతులు, విరేచనాలు అనగానే మనకు వానాకాలమే గుర్తొస్తుంది. బెంగళూరును ఆ భయం 2024లో నడివేసవిలోనే పట్టుకుంది. ఏప్రిల్ మొదటివారంలో బెంగళూరు మెడికల్ కాలేజీ హాస్టల్ నుంచి 47 మంది విద్యార్థినులు ఆసుపత్రిలో చేరారు. కలరా ఏమోనని పరీక్షలు జరిగాయి. అప్పటికే నగరంలో నీటి కరువు. 13,900 ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ముఖ్యమంత్రి సిద్ధరామయ్యే ప్రకటించి ఉన్నారు.

ఆ కరువు నగరంలోని మారతహళ్ళికి గట్టిగా తగిలింది. కావేరి నీరు చాలక బోర్ల మీద, ట్యాంకర్ల మీద బతికే ప్రాంతమిది. మన తెలుగు పిల్లలు వేలమంది ఇక్కడి పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టళ్ళలోనే ఉంటారు. ట్యాంకర్ నీళ్ళు నేలలోని సంపులో పడతాయి, మోటారుతో మేడమీది ట్యాంకుకెక్కి కుళాయిలోకి దిగుతాయి. తాగడానికి క్యాన్ ఉంది కదా అని ధీమా. పళ్ళు తోముకునేది, కొత్తిమీర కడిగేది, కంచాలు తొలిచేది మాత్రం ఆ సంపు నీళ్ళతోనే. నీళ్ళు తగ్గాయంటే ముందు కోత పడేది చేతులు కడుక్కోవడానికే. ఎండ ముదిరితే పొద్దున వండిన పప్పు సాయంత్రానికి పాడవుతుంది. 35 డిగ్రీలు దాటిన వేడిలో సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా అరగంటకల్లా రెట్టింపవుతుంది.

పైపు నీళ్ళున్న ఊళ్ళకూ వేసవి గండం తప్పలేదు. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్, 2018 మార్చిలో గుంటూరు: రెండుచోట్లా మురుగు కలిసిన మంచినీళ్ళు ప్రాణాలు తీశాయి. రోజుకు కాసేపే నీళ్ళు వదిలే ఊళ్ళో మిగతా సమయమంతా పైపు ఖాళీగా ఉంటుంది. లోపల ఒత్తిడి లేనప్పుడు, పక్కనున్న మురుగు పగుళ్ళలోంచి లోపలికి చేరుతుంది.

అన్ని క్రిములకూ వేడే ఇష్టమని కాదు. పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్ మన దేశంలో చలికాలంలో విజృంభిస్తుంది. 

ఇక వాన. 2024 ఏప్రిల్ 28న బెంగళూరులో 38.5 డిగ్రీల ఎండ. సరిగ్గా అయిదు వారాలకు, జూన్ 2న, ఒక్కరోజులో 111 మిల్లీమీటర్ల వర్షం. ఎండ తర్వాత హఠాత్తుగా పడే పెద్ద వాన నెలలుగా నేలమీద పేరుకున్న మలినాన్నంతా ఒక్కసారిగా కదిలిస్తుంది. మ్యాన్‌హోల్ పొంగితే, నేలమట్టానికి మూత ఉన్న సంపు మురుగుకూ తొట్టే. 2022 సెప్టెంబర్‌లో బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మునిగినప్పుడు ఇంకో వింత చూశాం: కావేరి నీటిని నగరానికి పంపే టీకే హళ్ళి పంపింగ్ స్టేషన్‌ను వరద ముంచడంతో నగరంలో చాలాచోట్ల కావేరి సరఫరా ఆగింది. వీధి నిండా నీళ్ళు, కుళాయిలో చుక్క లేదు. మళ్ళీ ట్యాంకరే దిక్కు.

2024 అక్టోబర్‌లో కావేరి నీటి పథకం అయిదో దశ మొదలైంది, రోజుకు 77.5 కోట్ల లీటర్లు అదనం. అదే ఏడాది పీజీల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని బెంగళూరు నగరపాలక సంస్థ నిబంధన పెట్టింది. లీటర్ల లెక్క తేలిక, మీటరు చెబుతుంది. సంపులో క్రిముల్ని చంపే క్లోరిన్ మిగిలిందో లేదో చూసే పూచీ మాత్రం యజమాని ఇష్టానికే వదిలేస్తున్నాం. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. కొన్ని చుక్కల పరీక్ష మందు వేస్తే చాలు, క్లోరిన్ ఉన్న నీళ్ళు పసుపు రంగుకు తిరిగి తెలిసిపోతుంది. ట్యాంకర్ వచ్చిన ప్రతిసారీ, పెద్ద వాన వెలిసిన మర్నాడూ ఈ పరీక్ష జరగాలి. పీజీల లైసెన్సు షరతుల్లో దీన్ని చేర్చడానికి అయిదో దశలాగా వేల కోట్లేమీ అక్కర్లేదు.