అద్దంతో కుస్తీ పట్టిన తేనెపిట్ట

ఖతార్‌లో ఇసుక తప్ప పిట్టలెక్కడివి అనేవాళ్లు ఒక్క ఉదయం తలెత్తి చూస్తే చాలు. పావురాలు, మైనాలు, తెల్ల చెంపల బుల్‌బుల్‌లు సరే, మన ఊరి తేనెపిట్ట కూడా ఇక్కడుంది. కాగితం పూల తీగల దగ్గర, మందార చెట్ల చుట్టూ గోల చేస్తూ తిరుగుతుంది.

మా ఆఫీసు ముందు ఒకటి మకాం పెట్టింది. మగది. ఎండ పడితే నల్లటి ఒళ్లు నీలంగా, ఊదాగా మెరుస్తుంది. దానికి మేనేజరు గారి కారంటే గిట్టదు. పక్క అద్దంలో తన బొమ్మను చూసి, ఎవడో తన జాగాలోకి వచ్చాడని ముక్కుతో ఒకటే పొడవడం. డ్రైవరన్న అద్దాలకు పాత సాక్సులు తొడిగితే, మర్నాడు పక్క కారు మీద యుద్ధం మొదలుపెట్టింది. "దీనికి వీసా ఎవరిచ్చారు?" అన్నారు మేనేజరు గారు.

అకౌంట్స్ మిత్రుడు అది హమ్మింగ్‌బర్డ్ అన్నాడు. కేరళ సోదరుడు "కాదు, తేన్‌కిళి" అన్నాడు. కేరళ సోదరుడిదే నిజం. హమ్మింగ్‌బర్డ్‌లు ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల్లో, ఆ చుట్టుపక్కల దీవుల్లో మాత్రమే ఉంటాయి. వెనక్కి కూడా ఎగరగలవు. క్యూబాలో ఉండే ఒక రకం 2 గ్రాములే తూగుతుంది, ప్రపంచంలో అదే అతి చిన్న పక్షి. మన తేనెపిట్ట సుమారు 10 సెంటీమీటర్లుంటుంది. గాలిలో కాసేపు నిలబడగలదు కానీ, ఎక్కువగా కొమ్మ మీద కూర్చునే తేనె తాగుతుంది.

ఇక అసలు సంగతి. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే జీతం ఇంత ఉండాలని ఇక్కడ లెక్క. మా గుమాస్తాల్లో చాలామందికి ఆ లెక్క కుదరదు. అందుకే మా నాన్నతనమంతా ఫోన్లోనే. దానికీ చిక్కులున్నాయి. మన సెలవు శుక్రవారం, పిల్లల సెలవు ఆదివారం. ఒంటిపూట బడులప్పుడు 8 గంటలకే బడి. మనం తెల్లవారుజామున 5కు లేచి చేస్తే అక్కడ 7:30. జడలు, టిఫిను, బ్యాగు గొడవలో దొరికేది నాలుగు మాటలు. "తిన్నవా?" "తిన్న." "చదువుతున్నవా?" "ఆ." అయిపోయె.

ఆ పిట్ట కొట్లాట వీడియో పంపాక మాటలు పెరిగాయి. జగిత్యాలలో మాలో ఒకరి ఆరేళ్ల పాప, పెరట్లో మునగపూల మీద అలాంటి పిట్టనే చూసింది. గూడు కూడా దొరికింది. సాలెగూళ్ల దారాలతో, గడ్డిపీచుతో అల్లిన చిన్న సంచి, గాలికి ఊగుతూ. గూడు కట్టేది, గుడ్లు పొదిగేది తల్లే. పిల్లలయ్యాక తండ్రి కూడా పురుగులు తెచ్చి పెడతాడు. ఇదంతా చెబుతుంటే పాప అడిగింది:

"డాడీ, ఆ పిట్టోళ్ల డాడీ పొద్దుగూకితే ఇంటికొస్తడా?"

చుట్టూ కూర్చున్న మేమెవరం మాట్లాడలేదు. "వస్తడు బిడ్డా" అన్నాడు తండ్రి. పాప కాసేపు ఆలోచించి, తనే ఓ దారి కనిపెట్టింది. ఇక్కడి పిట్ట, అక్కడి పిట్ట ఒక్కటేనట. పొద్దున మునగచెట్టు మీద డ్యూటీ, తర్వాత దోహాలో డ్యూటీ. హైదరాబాద్ నుంచి విమానానికే నాలుగు గంటలు దాటుతుందని ఎవరు చెబుతారు ఆ పిల్లకు? ఇప్పుడు రోజూ ఫోన్లో మొదటి మాట, "పిట్టను పంపిన, వచ్చిందా?" తండ్రి జవాబు, "ఇప్పుడే దిగింది, అద్దంతో కొట్లాడుతుంది." అవతల పకపకా నవ్వు. ఆ నవ్వుతో ఎనిమిది గంటల డ్యూటీ ఇట్టే గడిచిపోతుంది.

మిత్రులారా, మన దగ్గరా, పిల్లల దగ్గరా ఉండేవి ఇంకా చాలా ఉన్నాయి. వేపచెట్టు, మైనా, చందమామ. రేపు ఫోన్లో "తిన్నవా" తర్వాత వాటిలో ఒకదాన్ని అడిగి చూడండి. మాటలు వాళ్లే చెబుతారు.